ఉడత కొరికిన దోసకాయ

నిన్న మా మనవరాలు విజయనగరం నుంచి వచ్చింది. మేడమీద కుండీల్లో దోసపాదులు పెంచుతోందట, తొలి కాపు అమ్మమ్మకి చూపించాలని నాలుగు కాయలు సంచీలో వేసుకొచ్చింది. కాఫీ తాగి వంటింట్లోకి వెళ్ళి, ఒక కాయ తీసి, చివర కోసి ముక్క నోట్లో వేసుకుంది. "ఛీ, చేదు!" అని తొట్లో ఉమ్మేసింది. రెండోది కోసింది, నమిలింది, "ఇది బాగుంది అమ్మమ్మా, పప్పులో వేసేద్దాం" అంది. అంతే. నేను మాత్రం గుమ్మంలో నిలబడిపోయాను. నా చెయ్యి దానంతటదే లేచి దాని చెయ్యి పట్టుకోబోయింది. "ఏమైంది, అలా చూస్తున్నావు?" అంది. ఏమీ లేదన్నాను. చిన్న ముక్క నోట్లో వేసుకుని చేదో కాదో తేల్చుకునే భాగ్యం దాని వయసులో నాకు లేదని, ఆ ముక్క మీదే నా కాపురం ఆధారపడిందని చెబితే నవ్వుతుంది. అది నవ్వితే నాకు కోపం వస్తుంది. అందుకని దానికి చెప్పకుండా ఇక్కడ రాసుకుంటున్నాను.

నాకు అనుమానం జాస్తి అని మా ఇంట్లో అందరూ అంటారు, నా మొహం మీదే అంటారు. నిజమే. పాలు పోయించుకుంటే చెంబు వంచి చూస్తాను. కూరలమ్మి పైన పేర్చిన వంకాయలు కాదని అడుగునున్నవి తీయిస్తాను. ఎవరైనా నన్ను ఊరికే మెచ్చుకుంటే, వీళ్ళకి నాతో ఏం పని పడిందబ్బా అని ఆలోచిస్తాను. పుట్టింట్లో ఉండగా నేను ఇలాంటిదాన్ని కాదు. ఈ గుణం నాకు మా అత్తగారి పెరట్లో దోసపాదుల దగ్గర అబ్బింది. ఆవిడా అనుమానం మనిషే, నన్ను మించిన మనిషి. ఇద్దరు అనుమానం మనుషులు ఒక పొయ్యి దగ్గర చేరితే ఆ ఇంట్లో వంట ఎలా సాగుతుందో ఊహించుకోండి.

మా అత్తవారిది నరసన్నపేటకి బండి దారిలో ఒక పల్లె. మావగారు ఊళ్ళో రామకోవెల అర్చన చూసేవారు. కోవెలలో వంటిల్లు లేదు. దేవుడి ఆరగింపు మా ఇంట్లోనే వండి, గిన్నెల మీద తడిగుడ్డ కప్పితే ఆయన తట్టలో పెట్టి తలమీద మోసుకెళ్ళేవారు. దేవుడికి పెట్టాక అక్కడ కూర్చున్నవాళ్ళకి ఇంత ప్రసాదం పంచి, మిగిలింది తిరిగి తెస్తే అదే మా భోజనం. కాబట్టి ఆ ఇంట్లో మాకంటూ విడిగా వంట ఉండేది కాదు, పొయ్యి మీద ఎక్కిందల్లా రాములవారిదే. మావగారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కుర్రతనంలో కొబ్బరికాయ కొడుతుంటే చిప్ప ముక్క ఎగిరొచ్చి పై వరస ముందు పన్ను ఊడిపోయిందట, ఆ సందులోంచి గాలి పోయి 'సీతారామ' అంటే ఈల వేసినట్టు వినిపించేది. ఆ ఈల వినే నేను తెల్లారిందని లేచేదాన్ని. ఆయన అప్పటికే స్నానం చేసి, పెరట్లో నందివర్ధనం పూలు కోస్తూ ఉండేవారు. పూజ అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టేవారు కాదు.

మా అత్తగారి దగ్గరికి వెళ్తే తడిబట్ట వాసన, కొబ్బరిమట్టల పొగ వాసన కలిసి వచ్చేవి. మడిచీర ఒంటిమీదే ఆరేది. ఆ వంటింట్లో మొదటి రోజే ఆవిడ నాకు చెప్పింది ఒక్కటే మాట: "సూడు కోడలా, దేముడు తినకముందు మనం రుసి సూడకూడదు. వాసన కూడా సూడకూడదు." ఉప్పు చేత్తో అంచనా, పులుపు కంటితో అంచనా. పోపులో ఇంగువ పడేటప్పుడు మొహం అటు తిప్పుకోవాలి. మొదట్లో నేను ఊపిరి బిగపట్టి పోపు వేసి, పరుగున వసారాలోకి వచ్చి ఊపిరి తీసుకునేదాన్ని. నవ్వకండి. అలవాటైతే అదేమంత కష్టం కాదు. వంకాయ పుచ్చితే కోసినప్పుడు కనిపిస్తుంది, బెండకాయ ముదిరితే చివర విరిస్తే తెలుస్తుంది, పప్పు ఉడికిందో లేదో గరిటే చెబుతుంది. ఒక్క దోసకాయ మాత్రం ఏమీ చెప్పదు. పైకి పసుపు రాసిన పెళ్ళికూతురిలా నిగనిగలాడుతుంది. లోపల విషమో అమృతమో నాలుక తప్ప ఇంకేదీ కనిపెట్టలేదు. ఆ నాలుకకే మా ఇంట్లో తాళం.

అది యుద్ధం రోజుల్లో మాట. పేట నుంచి కూరలు తెచ్చుకునే వీలు లేదు, బండ్లు నడిచేవి కావు, నడిచినా దొరికేది తక్కువ. నడి ఎండల్లో పెరట్లో మిగిలేవి దోసపాదులే. వాటి గింజలు అత్తగారు ముందు ఏడాదే పేడలో కలిపి గోడకి పిడకలా కొట్టి దాచేది. చేదు తీయడానికి ఆవిడకో పద్ధతి ఉండేది. తొడిమ వైపు కోసి, కోసిన చోట ఉప్పు అద్ది, ఆ చివరి ముక్కతోనే గుండ్రంగా రుద్దితే తెల్లగా నురగ వస్తుంది, ఆ నురగలో చేదు దిగిపోతుందనేది. తొక్క మందంగా చెక్కాలి, గింజలున్న గుజ్జు గోకి పారెయ్యాలి. ఇన్ని చేసినా, గట్టి చేదు కాయకి ఇవేవీ పనిచేయవు. ఆ ఏడు మా నుయ్యి అడుగంటింది. చేద వేస్తే సగం బురదే వచ్చేది. పాదులకి పొద్దున్న నీళ్ళు పోస్తే సాయంత్రానికి తడి ఉండేది కాదు. తీగలు మధ్యాహ్నానికి వాడిపోయి, పొద్దు వాలాక మళ్ళీ లేచేవి. అలా వాడుతూ లేస్తూ కాసిన కాయ చేదెక్కుతుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పట్లో మా అత్తగారికి నీళ్ళ మీద అనుమానమే లేదు, అనుమానమంతా మనుషుల మీదే. దారిన పోయేవాళ్ళ దిష్టి, ముట్టైన మనిషి నీడ, కాయ పట్టుకున్న చేతి గుణం. "సేదు కాయిలో ఉండదే, సేతిలో ఉంటాది" అనేది. అంటూ నా చేతుల వంక చూసేది.

నేను కాపురానికి వచ్చిన మొదటి ఎండాకాలమే ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి, పొయ్యి ముందు కూర్చోలేక వంట నాకు అప్పగించింది. కాయలు కోసే పని మాత్రం అప్పగించలేదు. కర్ర పట్టుకుని వెళ్ళి, తనే కోసి, తెచ్చి నా ముందు పెట్టేది. నేను వండిన మొదటి దోసకాయ పప్పు చేదు. ప్రసాదం కదా అని కోవెల దగ్గర అందరూ కళ్ళు మూసుకుని మింగారట. తర్వాత కొన్నాళ్ళకి ఆవ పెట్టి కూర చేస్తే అది ఇంకా చేదు. ఈసారి ఊరి పెద్ద ఒకాయన కోవెల మెట్ల మీదే ఉమ్మేశాడు. దేవుడి ప్రసాదం ఉమ్మేశాడంటే ఊళ్ళో అంతకంటే అప్రదిష్ట ఏముంది? మావగారు ఇంటికొచ్చి తట్ట దించి, "సేదుగా ఉన్నాదట" అని ఒక్క ముక్క అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. అత్తగారు మిగిలిన కూరలో ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఉమ్మలేదు. నా కళ్ళలోకి చూస్తూ నమిలి మింగింది.

"ఇంకోపాలి దేముడికి సేదెల్లిందా, నువ్వీ ఇంట్లో ఉండవు" అంది. "శనివారం ఆడొస్తాడు కదా, మీ అన్న ఇంటికాడ దిగబెట్టీమంటాను." ఆడు అంటే మా ఆయన. శ్రీకాకుళంలో గుమాస్తా పని, వారానికో రోజు ఇంటికొచ్చేవాడు. తల్లి మాట కాదనే ధైర్యం ఆయనకి ఆ రోజుల్లో లేదు. ఇక మా అన్న ఉండేది కొత్తవలసలో, రైల్లో పని. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది వాడే, కానీ ఆ ఇల్లు మా వదినది. పెళ్ళయి నేను బండెక్కి వీధి మలుపు తిరగకముందే నా చాప దులిపి వాళ్ళ పిల్లకి పరిచేసింది. అది నా కళ్ళారా చూశాను. దోసకాయ చేదైందని తిరిగొచ్చిన ఆడపిల్లకి ఆ ఇంట్లో ఇంకో చాప పరుస్తారా? నాకు వెళ్ళడానికి చోటు లేదు. ఆ సంగతి మా అత్తగారికి కూడా బాగా తెలుసు.

అక్కడ మొదలైంది నా అనుమానం. ఆవిడ వండిన రోజుల్లో ఒక్క కాయైనా చేదు రాలేదు. నేను వండితే వస్తోంది. కోసి తెచ్చేది మాత్రం ఎప్పుడూ ఆవిడే. ఏ పాదుది చేదో ఇన్నేళ్ళుగా ఆ పెరట్లో తిరిగిన మనిషికి తెలియదా? తెలిసే తెస్తోంది, నన్ను సాగనంపడానికే తెస్తోంది అనుకున్నాను. ఇక ఆవిడ తెచ్చిన ప్రతి కాయనీ పాముని చూసినట్టు చూసేదాన్ని. మోకాళ్ళు మరీ పట్టేసి వసారాలోంచి కదల్లేని రోజుల్లో కర్రతో చూపించి, "ఆ మూల పాదుది కొయ్యి" అనేది. నేను తల ఊపి ఈ మూల పాదుది కోసేదాన్ని. అదీ ఒక జూదమే. ఎదురుగా కత్తిపీట ఉండేది, చేతిలో కాయ ఉండేది, నాలుక ఉండేది, అయినా తెలుసుకునే దారి లేదు. ఒకసారి ముక్క నోటిదాకా వెళ్ళింది. వెనక కర్ర చప్పుడు వినిపించి చెయ్యి దించేశాను.

అలా ఉండగా ఒకనాడు ఆకుల కింద ఉడత కొరికిన కాయ కనిపించింది. ఒక పక్క చిన్న గాటు, అంతే, మిగతాదంతా బాగానే ఉంది. నేను అక్కడే గొంతుక్కూర్చుని ఆలోచించాను. ఉడతకేం ఖర్మ, చేదు కాయ తినడానికి? అది కొరికిందంటే కాయ మంచిదన్నమాటే. నా నాలుక చెయ్యలేని పని దాని నాలుక చేసి పెట్టింది. మరి ఎంగిలి మాటేమిటి? దానికి జవాబు మా అత్తగారే అంతకుముందు చెప్పి ఉంది. జామకాయ ఉడత కొరికితే పారేస్తానంటే నన్ను కసిరి, "దూడ మూతెట్టిన పాలు దేముడికి పొయ్యటం నేదేటి? సిలక కొట్టిన పండు పెట్టటం నేదేటి? ఉడతా అంతే, ఆటికి ఎంగిలి నేదు" అంది. ఆవిడ మాటే నాకు ఆధారం. నూతి దగ్గరే గాటు మేర పెద్దదిగా కోసి పారేసి, కాయ కడిగి లోపలికి తెచ్చాను. ఆ రోజు పులుసు మహా బాగుందని కోవెల నుంచి కబురొచ్చింది.

ఇక నాకు ఆ ఉడతే దిక్కు. రోజూ పొద్దున్నే పాదుల్లో దేవులాడితే గాటు పడిన కాయ ఒకటో రెండో దొరికేవి. ఆ గాట్లు దగ్గరగా చూసి ఇవి ఉడత పళ్ళేనా కాదా అని అనుమానించే తీరిక నాకు లేదు, ఉన్న అనుమానమంతా అత్తగారి మీదే ఖర్చయిపోతోంది. చేదు అన్న మాటే మా ఇంట్లో వినపడలేదు. మరో అత్తగారైతే సంతోషించేది. మా అత్తగారు మొహం ముడుచుకుంది. "అన్ని సేదు కాయిలు వొచ్చిన పెరట్లోకి ఉన్నట్టుండి అన్నీ మంచియే ఎలగొస్తన్నాయే? నువ్వు రుసి సూస్తన్నావు" అంది. నేను చూడలేదన్నాను. "నోరు తెరు" అంది. తెరిచాను. దగ్గరికొచ్చి వాసన చూసింది! వంటింటి గుమ్మంలో పీట వేసుకుని, కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కూర్చుంది. అయినా కూర బాగానే ఉండేసరికి ఇంకో ఉపాయం పన్నింది. వంట మొదలుపెట్టిన దగ్గర్నుంచీ తట్ట బయటికి వెళ్ళేదాకా నేను రామ రామ అంటూనే ఉండాలి, గట్టిగా, ఆవిడకి వినపడేలా. నామం చెప్పే నోటితో నమలడం కుదరదు కదా! పొగలో దగ్గుతూ, కళ్ళు మండుతూ, గొంతు బొంగురుపోయేలా రామ రామ అంటూ దోసకాయలు తరిగాను. ఆ ఇంటి కోడలికి ఎంత భక్తో అని ఊళ్ళో చెప్పుకున్నారట. ఒళ్ళు మండిపోయేది నాకు.

ఒక శనివారం మా అత్తగారికి ఒళ్ళు కాస్త తేలికపడి, ఎండుపుల్లలు ఏరుకొస్తానని కర్ర పట్టుకుని కంచె అవతల జీడితోటలోకి వెళ్ళింది. కాసేపటికి తిరిగొచ్చింది. ఒళ్ళో పుల్లల్లేవు, అరడజను దోసకాయలున్నాయి. వాడిపోయినవి కొన్ని, ఆ పొద్దుటిది ఒకటి. అన్నిటికీ గాట్లున్నాయి. అప్పుడే మావగారు కోవెల నుంచి వచ్చి ఆకు ముందు కూర్చున్నారు. అత్తగారు కాయలు నా కాళ్ళ ముందు ఒంపింది. "ఇయి నాలిక్కి తగిలించి సూసినాను. సేదు, విషం" అంది. "ఉడత కొరికితే కొరుకుతాది. కొరికి, సేదుగా ఉన్నాదని కంచి మీంచి ఇసిరీస్తాదేటే? ఇయి మడిసి పళ్ళు. పాదుల కాడే కొరికి సూసి, మంచియి ఉంచుకుని సెడ్డయి ఇసిరీస్తన్నావు. దేముడికి నీ ఎంగిలి పెట్టించినావు గదే మాసేత! పెట్టి సర్దుకో."

మంచి కాయల్నే ఉడత కొరుకుతోందని నేననుకున్నాను. నిజానికి ఎవరో అన్నీ కొరికి, చేదువి కంచె అవతల పారేసి, మంచివి నాకోసం తీగకే వదిలేశారన్నమాట. ఎవరో కనిపెట్టే ఓపిక ఆ క్షణాన నాకు లేదు. లోపలికి వెళ్ళి, చీరలు రెండు పెట్టెలో పడేసి, తెచ్చి వసారాలో పెట్టాను. పెట్టాక, వదిన మొహం కళ్ళముందు కదిలింది. ఏడుపు రావలసింది, కోపం వచ్చింది. చెయ్యని తప్పుకి ఎందుకు వెళ్ళాలి? నెలరోజులుగా రామ రామ అని గొంతు చించుకున్నది ఎందుకు? పొద్దున్న గాటు మేర కోసి బుట్టలో ఉంచిన మంచి కాయ ఒకటి తీసుకుని, ఆవిడ ఎదురుగా నిలబడి కసుక్కున కొరికాను. ఆ ఇంట్లో నేను మొదటిసారి రుచి చూసింది అప్పుడే. కమ్మగా ఉంది. కాయ ఆవిడ చేతిలో పెట్టి, "ఇయి నా పళ్ళు. అయి నా పళ్ళో కావో నువ్వే సూడత్తా" అన్నాను.

ఆవిడ రెండు కాయలూ రెండు చేతుల్లో పట్టుకుని వెలుగులోకి వెళ్ళింది. నా గాటు నిండుగా, ఒకే గీతలా ఉంది. పారేసిన కాయ మీద గాటు అలా లేదు. ఇటు రెండు పళ్ళ పోటు, అటు రెండు పళ్ళ పోటు, నడిమధ్యన పన్ను వెడల్పున తొక్క చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. ఆవిడ ఆ తొక్క మీద బొటనవేలితో రాసింది. ఇంకో కాయ తీసి చూసింది, దానికీ అంతే. మావగారు దగ్గారు. ఆవిడ మెల్లిగా తల తిప్పి ఆయన వైపు చూసింది. ఆయన తేలు కుట్టిన దొంగలా ఇంటి వాసాల్లోకి చూస్తున్నారు. పూజకి ముందు పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి! పూలు కోసే వేళ ఒక్కో కాయా కొరికి, నమిలి, ఉమ్మి, పుక్కిలించి, మళ్ళీ సీతారామ అనుకుంటూ కోవెలకి వెళ్ళిన మనిషి!

ఇన్నేళ్ళ మడి, ఇన్నేళ్ళ నోటి కట్టు అన్నీ మా అత్తగారి మొహంలో ఒక్కసారి కదిలాయి. అరుస్తుందనుకున్నాను, ఆకు ముందు నుంచి ఆయన్ని లేపేస్తుందనుకున్నాను. ఆవిడ కాయలన్నీ ఒళ్ళోకి ఎత్తుకుంది.

"ఉడతే" అంది. "పెద్దుడత."

"వడ్డిస్తావేటే, సల్లారిపోతన్నాది" అన్నారు మావగారు, 'స' దగ్గర ఈల వేస్తూ.

"ఆ పెట్టి లోపలెట్టీ, దారికి అడ్డం" అంది అత్తగారు నాతో. "రేపట్నించి నోరు మూసుకుని వొండుకో. నీ గోల ఇనలేక సస్తన్నాను."

ఆ తర్వాత ఆ మాట మా ముగ్గురిలో ఎవరూ ఎత్తలేదు. మావగారికీ నాకూ మధ్య మాటలే ఉండేవి కావు, కోడలు ఎదురుపడితే పక్కకి తప్పుకునే కాలం అది. మరి ఆయన నాకోసమే చేశారా? కోవెల మెట్ల మీద ప్రసాదం ఉమ్మేశారన్న అవమానం భరించలేక చేశారా? అనుమానం మనిషిని కదా, ఒక రోజు అలా అనుకుంటాను, ఒక రోజు ఇలా అనుకుంటాను. మా ఆయన ఆ సాయంత్రం వచ్చి, భోంచేసి, పులుసు బాగుందని చెప్పి పడుకున్నాడు. ఏ ప్రయాణం తప్పిపోయిందో ఆయనకి ఎన్నడూ తెలియదు. నేను చెప్పలేదు.

ఇప్పుడు చేదు రాని గింజలని పొట్లాల మీద బొమ్మ వేసి అమ్ముతున్నారు. అయినా వస్తుంది చేదు, మా మనవరాలి కాయల్లో రాలేదూ? వేళకి నీళ్ళు పొయ్యమని, నడి ఎండలో కుండీ నీడకి జరపమని, తొడిమ వైపు కాస్త ఎక్కువ కోసేయమని, మరీ విషంలా ఉంటే పారెయ్యమని దానికి చెప్పాను. విన్నది. దానికి అంతకంటే చెప్పాల్సింది లేదు. చేదు తగిలితే ఉమ్మేసే స్వేచ్ఛ దానికుంది, ఉండాల్సిందే, ఆ రోజులే మేలని నేను అనను. రుచి చూడనివ్వని ఆ వంటింట్లో నేను పోగొట్టుకున్నది చాలా ఉంది. ఒకరి మాట నమ్మడం పోగొట్టుకున్నాను, అది మళ్ళీ రాలేదు. అయితే ఒకటి. ఇవాళ అందరూ ఎవరి ముక్క వాళ్ళు కొరికి చూసుకుంటారు. నా చేదు ఇంకొకరు ముందుగా నోట పెట్టుకుని, తీపి నాకు వదిలారన్న మాట మాత్రం వీళ్ళకి చెప్పినా ఎక్కదు.

ఇంకొక్క సంగతి మిగిలింది. ఆ శనివారం తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి. నాకు పిల్లలు పుట్టారు. మావగారు పెద్దవారైపోయారు, చూపు ఆనక కోవెల పని వేరే వాళ్ళకి అప్పగించారు, వంట మాత్రం మా ఇంట్లోనే సాగేది. ఆయన నోట్లో ఒక్క పన్ను కూడా మిగల్లేదు, అన్నం మెత్తగా పిసికి నేనే పెట్టేదాన్ని. అప్పుడు మళ్ళీ ఒక ఏడు నుయ్యి అడుగంటింది, తీగలు వాడడం మొదలుపెట్టాయి. నా గుండెలో పాత రాయి పడింది. ఒక పొద్దున్న పాదుల్లోకి వెళ్ళి ఆకులు ఎత్తి చూస్తే, కాయకి గాటు. ఈసారి దగ్గరగా పెట్టుకుని చూశాను. నిండు గాటు. నడుమ సందు లేదు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు, అక్కడే ఆకుల మధ్య కూర్చుండిపోయాను.

తల ఎత్తేసరికి పెరటి చివర, కంచె దగ్గర్నుంచి మా అత్తగారు కర్ర ఊతంగా ఒక్కో అడుగూ వేసుకుంటూ వస్తోంది. మడిబట్టలో, తడి జుట్టుతో. నేను గబగబా కళ్ళు తుడుచుకున్నాను.

"ఉడతలు మళ్ళీ ఎక్కువైనాయత్తా" అన్నాను. "తోలీమంటావా?"

"ఒగ్గీ. దాని పని అది సేసుకోనీ" అంది. అంటూ పైట చెంగుతో మూతి తుడుచుకుంది.